లాగ్ ఉంది, చదివేదెవరు?

ప్రొడక్షన్ సపోర్టు చేసిన వాళ్ళెవరికైనా ఈ అనుభవం ఒక్కసారైనా ఎదురై ఉంటుంది. కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక క్లయింటు దగ్గర రాత్రి నడిచే బ్యాచ్ జాబ్ ఒకటి రెండు నెలల పైగా సగంలోనే ఆగిపోతూ వచ్చింది. ఎవరికీ తెలియలేదు. కస్టమర్లు గొడవ చేస్తే అప్పుడు బయటపడింది. మీటింగులో మేనేజరుగారు మొదట అడిగిన ప్రశ్న: "ఎర్రర్ లాగ్ చేస్తున్నామా?" అందరం ఒక్క గొంతుతో "చేస్తున్నాం" అన్నాం. నిజమే, ప్రతి రాత్రీ అదే ఎర్రర్, అదే లైను, లాగ్‌లో చక్కగా పడి ఉంది. ఆయన రెండో ప్రశ్న వేశారు: "మరి చదివిందెవరు?" గదిలో చడీచప్పుడూ లేదు. చదవటం అనేది ఎవరి ఉద్యోగంలోనూ లేదు మరి!

పోలీసుల గురించి రాస్తానని మొదలుపెట్టి ఈ బ్యాచ్ జాబ్ కథేమిటి అంటారా? అక్కడికే వస్తున్నాను.

2023 జనవరి 23 రాత్రి సియాటిల్‌లో, అమెజాన్ ఆఫీసుల నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో, డెక్స్‌టర్ ఎవెన్యూ మీద రోడ్డు దాటుతున్న మన తెలుగమ్మాయిని పోలీసు కారు గుద్దింది. కర్నూలు జిల్లా నుంచి మాస్టర్స్ చదవటానికి వచ్చిన పిల్ల. వయసు 23. గంటకు 25 మైళ్ళ వేగం దాటకూడని వీధిలో ఆ కారు 74 మైళ్ళ దాకా వెళ్ళింది. ఆ అమ్మాయి పేరు ఇక్కడ రాయక్కర్లేదు, మీ అందరికీ తెలుసు. ఆ వారం మీ వాట్సాప్ గ్రూపులు ఎలా ఉన్నాయో నాకు తెలియదు కానీ మావైతే అట్టుడికిపోయాయి. తర్వాత అందరం స్ప్రింట్ ప్లానింగుల్లో పడిపోయాం.

ఎనిమిది నెలలకి, సెప్టెంబరులో, రెండో దెబ్బ. ప్రమాదం జరిగాక అక్కడికి వచ్చిన ఇంకొక పోలీసు అధికారి, ఈయన పోలీసు యూనియన్‌లో ఉపాధ్యక్షుడు కూడా, యూనియన్ అధ్యక్షుడితో ఫోన్లో నవ్వుతూ మాట్లాడిన మాటలు బయటికొచ్చాయి. ఆ పిల్ల ప్రాణం విలువ పెద్దగా ఏమీ ఉండదనీ, ఒక చెక్కు రాసిస్తే సరిపోతుందనీ ఆ మాటల సారాంశం. వాటిని రికార్డు చేసింది ఎవరో గూఢచారి కాదు, ఆయన ఒంటి మీద ఉన్న బాడీ కెమెరాయే.

ఆ వీడియో చూసి మనలో చాలామంది అన్నమాట ఒకటే: "కెమెరా ఉంది కాబట్టి బయటపడింది, టెక్నాలజీ గొప్పతనం అదీ." నేనూ అలాగే అనుకున్నాను. తర్వాత వివరాలు చదివితే తల తిరిగింది. కెమెరా జనవరిలోనే తన పని చేసింది. ఆ రికార్డింగు మిగతా వేల గంటల రికార్డింగుల మధ్య నెలల తరబడి పడి ఉంది. పోలీసు శాఖలోనే పనిచేసే ఒక ఉద్యోగి తన రోజువారీ పనిలో భాగంగా వింటూ, ఇది మామూలు సంభాషణ కాదని గుర్తించి పైవాళ్ళ దృష్టికి తీసుకువెళ్ళటం వల్లే అది బయటికి వచ్చింది. ఆ ఉద్యోగి ఆ రోజు సెలవు పెట్టి ఉంటే? విని ఊరుకుని ఉంటే?

అంటే ఆ రోజు పనిచేసింది కెమెరా ఒక్కటే కాదు, చదివిన మనిషి కూడా. నేను ఈ వ్యాసంలో చెప్పదలుచుకున్నది ఇంతే: పోలీసుల మీద నిఘా అంటే మనం కెమెరాలు లెక్కపెడుతున్నాం, లెక్కపెట్టాల్సింది చదివేవాళ్ళని.

మూడు రికార్డింగులు

ఇది ఒక్క సంఘటన చూసి ఆవేశంతో అంటున్న మాట కాదు. సియాటిల్ చరిత్రలోంచే మూడు రికార్డింగులు వరసగా చూడండి.

మొదటిది 2010 ఆగస్టు. కొయ్య బొమ్మలు చెక్కుకునే ఒక ఆదివాసీ వ్యక్తి, చేతిలో చిన్న చాకుతో రోడ్డు దాటుతున్నాడు. పోలీసు కారు దిగి, చాకు కింద పెట్టమని అరిచిన కొద్ది సెకన్లలోనే ఒక అధికారి ఆయన్ని కాల్చేశాడు. కారులో ఉన్న కెమెరాకి కాల్పులు కనబడలేదు కానీ అరుపులూ తుపాకి మోతా స్పష్టంగా వినబడ్డాయి. పోలీసు శాఖే ఆ కాల్పులు సమర్థనీయం కావని తేల్చింది. కానీ కేసు పెట్టలేదు. ఎందుకంటే అప్పటి వాషింగ్టన్ రాష్ట్ర చట్టం ప్రకారం ఆ అధికారికి లోపల దురుద్దేశం ఉందని రుజువు చెయ్యాలి. ఏ కెమెరా దురుద్దేశాన్ని ఫోటో తీస్తుంది చెప్పండి? ఆ చట్టం మారటానికి 2018 దాకా, రాష్ట్ర ప్రజలు ఓటు వేసి ఇనీషియేటివ్ 940ని గెలిపించేదాకా, ఆగాల్సి వచ్చింది.

రెండోది 2014. చేతులకి బేడీలు వేసి కారు వెనక సీట్లో కూర్చోబెట్టిన ఒక మహిళ కాలితో తన్నబోతే, అధికారి ఆమె ముఖం మీద గుద్దాడు. కంటి చుట్టూ ఎముక విరిగింది. అంతా కారు కెమెరాలో ఉంది. 2016లో పోలీసు చీఫ్ ఆయన్ని ఉద్యోగం లోంచి తీసేశారు. 2018లో ఒక ఆర్బిట్రేటరు ఆ శిక్షని 15 రోజుల సస్పెన్షనుకి తగ్గించి, ఉద్యోగం తిరిగి ఇమ్మన్నారు. నగరం కోర్టుకెళ్ళి పోరాడితే 2021లో గానీ ఆ తీర్పు రద్దు ఖాయం కాలేదు. ఒక వీడియో, ఏడేళ్ళు!

మూడోది మన అమ్మాయిది. ఫోన్లో నవ్విన అధికారిని 2024 జులైలో, కారు నడిపిన అధికారిని 2025 జనవరిలో ఉద్యోగాల్లోంచి తీసేశారు. కారు నడిపిన వ్యక్తి మీద క్రిమినల్ కేసు పెట్టటానికి ఆధారాలు చాలవని కౌంటీ ప్రాసిక్యూటరు తేల్చారు. 5,000 డాలర్ల ట్రాఫిక్ జరిమానా పడింది.

మూడుసార్లూ రికార్డింగు ఉంది. మూడుసార్లూ తేడా వచ్చింది ఆ తర్వాతి అంచెల్లో: ఎవరు చూశారు, ఎన్నాళ్ళకి చూశారు, చూసినవాళ్ళకి ఏం చేసే అధికారం ఉంది. మన భాషలో చెప్పాలంటే లాగింగ్ బ్రహ్మాండంగా ఉంది, ఇన్సిడెంట్ మేనేజ్‌మెంటే లేదు.

చదవటానికి పెట్టిన మనుషులు

అసలు ఎవరూ లేరా అంటే ఉన్నారు. అది కూడా ఊరికే రాలేదు.

2010 కాల్పుల తర్వాత 35 సంఘాలు కలిసి ఫెడరల్ న్యాయశాఖకి ఫిర్యాదు చేశాయి. న్యాయశాఖ విచారణ జరిపి 2011 డిసెంబరులో రిపోర్టు ఇచ్చింది. సియాటిల్ పోలీసులు బలప్రయోగం చేసిన సందర్భాల్లో దాదాపు 20 శాతం రాజ్యాంగ విరుద్ధం అని అందులో ఉంది. 2012లో నగరం, ఫెడరల్ ప్రభుత్వం ఒక ఒప్పందానికి వచ్చి, కోర్టు పర్యవేక్షణలో సంస్కరణలు మొదలుపెట్టాయి. అందులో భాగంగానే మామూలు పౌరులతో కమ్యూనిటీ పోలీస్ కమిషన్ ఏర్పడింది. 2017లో నగర కౌన్సిల్ ఒక చట్టం చేసి మూడు అంగాలను స్థిరపరిచింది. ఒకటి, ఫిర్యాదుల మీద దర్యాప్తు చేసే ఆఫీస్ ఆఫ్ పోలీస్ అకౌంటబిలిటీ. రెండు, మొత్తం వ్యవస్థని ఆడిట్ చేసే ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫీసు. మూడు, ప్రజల వైపు నుంచి మాట్లాడే ఈ కమిషన్. కాగితం మీద చూస్తే డెవలపర్, ఆడిటర్, యూజర్ అందరూ ఉన్న చక్కటి డిజైన్.

మరి చిక్కెక్కడ? డిపెండెన్సీలో! ఆ చట్టంలో క్రమశిక్షణకి సంబంధించిన చాలా అంశాలు పోలీసు యూనియన్‌తో బేరం కుదిరితే గానీ అమలులోకి రావు. 2018లో కుదిరిన ఒప్పందం ఆ చట్టాన్ని చాలాచోట్ల వెనక్కి లాగింది. కమిషనూ, ఇంకా రెండు డజన్ల సంఘాలూ వద్దని మొత్తుకున్నా కౌన్సిల్ ఆమోదించింది. ఫిర్యాదుల దర్యాప్తులో పోలీసులు కానివాళ్ళు ఎంతమంది ఉండచ్చో దానికి పరిమితి పెట్టింది కూడా ఆ ఒప్పందమే. 2019లో ఫెడరల్ జడ్జి, జవాబుదారీ విషయంలో నగరం దారి తప్పిందని తేల్చారు. అందుకు ఆయన ఎత్తి చూపింది పైన చెప్పిన ఆర్బిట్రేషన్ పద్ధతినే.

ఇంకొక నిబంధన వినండి. దర్యాప్తు 180 రోజుల్లో పూర్తి కావాలి. గడువు పొడిగింపు లేకుండా ఆ 180 రోజులు దాటితే తప్పు చేసినట్టు తేలినా శిక్ష వెయ్యటానికి వీల్లేదు. గడువు పెట్టటం న్యాయమే, ఎవరినీ ఏళ్ళ తరబడి అనుమానంలో వేలాడదియ్యకూడదు. కానీ మనం ఎస్సెల్యేలతో బతికే జనం కదా, ఆలోచించండి. గడువు దాటితే టికెట్ దానంతటదే క్లోజ్ అయిపోయే పద్ధతి ఉంటే, సపోర్టు టీములో మనుషుల్ని తగ్గించటం కన్నా టికెట్లని మాయం చేసే సులువైన మార్గం ఇంకొకటి ఉంటుందా? అలా ఎవరో కావాలని చేశారని నేననటం లేదు. మనుషులు చాలకపోతే ఆ ఫలితం దానంతటదే వస్తుంది అంటున్నాను. అందుకే చదివేవాళ్ళకి జీతాలివ్వటం అనేది పక్క ఖర్చు కాదు.

సాఫ్ట్‌వేర్ చదవదా?

మనవాళ్ళు వెంటనే అడిగే ప్రశ్న ఇది. ఇప్పుడు ఏఐ ఉంది కదా, వేల గంటల వీడియో అదే చూసేస్తుంది కదా అని.

సియాటిల్ ఈ దారిలోనూ నడిచి చూసింది. 2014 డిసెంబరులో 12 మంది పోలీసులతో బాడీ కెమెరాల ప్రయోగం మొదలుపెడుతున్నప్పుడు, పేరు చెప్పని ఒక ప్రోగ్రామర్ సమాచార చట్టం కింద పోలీసుల దగ్గర ఉన్న వీడియోలన్నీ ఇమ్మని అర్జీ పెట్టాడు. అన్నీ అంటే అన్నీ! వాటిలో కనబడే పిల్లల, బాధితుల ముఖాలు చెరపకుండా ఇవ్వటం కుదరదు, ఒక్కొక్కటీ చేత్తో చెరపాలంటే ఏళ్ళు పడుతుంది. ఇంకొక శాఖ అయితే కోర్టుకెళ్ళేది. సియాటిల్ పోలీసులు ఆ కుర్రాణ్ణి పిలిచి మాట్లాడి, ఊళ్ళో ప్రోగ్రామర్లందరినీ పిలిచి ఒక హ్యాకథాన్ పెట్టారు. వీడియోని దానంతటదే మసకగా మార్చే ప్రోగ్రాముతో కొన్ని వీడియోలు యూట్యూబులో కూడా పెట్టారు. చదువుతుంటే నాకు భలే ముచ్చటేసింది. మనకి తెలిసిన సియాటిల్ ఇదే కదా అనిపించింది.

కానీ అది సులువైన సగం. ముఖాలు మసక చెయ్యటానికి ఎవరి అభ్యంతరమూ ఉండదు. కష్టమైన సగం తర్వాత వచ్చింది. బాడీ కెమెరాల ఆడియోని టెక్స్టుగా మార్చి, అధికారులు ఎలా మాట్లాడుతున్నారో విశ్లేషించే ట్రూలియో అనే సాఫ్ట్‌వేరుని ఈ శాఖ వాడి చూసింది. ఇది మా మీద గూఢచర్యం అని యూనియన్ అభ్యంతరం చెప్పింది. 2023 మొదట్లోనే ఆ కాంట్రాక్టు ముగిసిపోయింది. అంటే సరిగ్గా ఆ ఫోన్ సంభాషణ రికార్డయి, ఎవరూ వినకుండా పడి ఉన్న సంవత్సరంలోనే.

ప్రోగ్రాము పనిచెయ్యలేదని ఆపలేదు, చదవటమే ఇష్టం లేక ఆపారు. ఇలాంటి సమస్యకి బెటర్ మోడల్ పరిష్కారం కాదు. ఏది చదవచ్చు, ఎవరు చదవచ్చు, చదివాక ఏం జరగాలి అనేది రాసుకున్న నియమం ఉండాలి. దాన్ని అమలుచేసే మనిషి ఉండాలి. ఒక మాట ఒప్పుకోవాలి: యూనియన్ భయంలో కొంత నిజం ఉంది. నా కీబోర్డు మీద ప్రతి నొక్కునీ మేనేజరు లెక్కపెడితే నేనూ గొడవచేస్తాను. కానీ నా కీబోర్డుకి మనిషిని అరెస్టు చేసే అధికారం లేదు, దానికి తుపాకి లేదు. అధికారం ఎంత పెద్దదైతే పక్కనుంచి చూసే కన్ను అంత దగ్గరగా ఉండాలి.

మా బావగారి మాట

ఈ సంగతులన్నీ మొన్న మా బావగారితో అంటే ఆయన ఒప్పుకోలేదు. ఆయనకి ఇంకొక రాష్ట్రంలో, ఊరిపేరు వద్దులెండి, చిన్న ఇండియన్ స్టోరు ఉంది. రెండుసార్లు అద్దాలు పగలగొట్టారు. ఫోన్ చేస్తే పోలీసులు మర్నాడు వచ్చి రిపోర్టు రాసుకుని వెళ్ళారట.

"నువ్వు ఇంట్లో కూర్చుని కోడ్ రాసుకునేవాడివి, కమిటీలూ కమిషన్లూ అంటావు. నాకు కావాల్సింది పిలిస్తే వచ్చే పోలీసు. ఉన్న నలుగురి వెనక ఎనిమిదిమంది ఇన్‌స్పెక్టర్లని పెడితే ఎవడొస్తాడయ్యా ఆ ఉద్యోగానికి?" అన్నారు.

బావగారూ, మీ ప్రశ్న న్యాయమైనదే. సియాటిల్ అనుభవం కొంతవరకు మీ వైపే ఉంది. 2020లో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత అక్కడి కౌన్సిల్లో ఎక్కువమంది పోలీసు బడ్జెట్‌లో సగం కోస్తామని మాట ఇచ్చారు. నిజంగా సగం కోసింది లేదు. 911 కాల్ సెంటరు, పార్కింగ్ విభాగం లాంటివి వేరే శాఖల కిందకి మార్చారు. కానీ ఆ మాట ప్రభావం పడనే పడింది. ఆ తర్వాతి కొన్నేళ్ళలో 600 మందికి పైగా అధికారులు వెళ్ళిపోయారు. దాంతో 2024 మే నెలలో వెనకటి సంవత్సరాలకి కూడా కలిపి దాదాపు 24 శాతం జీతాలు పెంచాల్సి వచ్చింది. కొత్తగా చేరే పోలీసుకే లక్ష డాలర్ల పైన. మనుషుల్ని పోగొట్టుకుని తిరిగి కొనుక్కోవటం ఎంత ఖర్చో ఐటీ కంపెనీల్లో ఉన్న మనకి వేరే చెప్పాలా?

కాబట్టి పోలీసులకి డబ్బులివ్వద్దని నేను చచ్చినా అనను. ఇవ్వాలి, బాగా ఇవ్వాలి. మానసిక సమస్యతో బాధపడేవాళ్ళ దగ్గరికి తుపాకి లేనివాళ్ళని పంపటానికి 2023లో సియాటిల్ కేర్ అనే కొత్త విభాగం పెట్టింది. అలాంటివాటికీ ఇవ్వాలి. నేనడిగేది వేరు. 2024లో ఆ 24 శాతం ఇచ్చేటప్పుడు నగరం చేతిలో బేరానికి గొప్ప అవకాశం ఉంది. జీతం పెంచుతాం, దర్యాప్తులకి అడ్డుపడే నిబంధనలు తీసెయ్యండి అని గట్టిగా అడగాల్సిన సమయం అది. ఆ ఒప్పందంలో జవాబుదారీ విషయంలో వచ్చిన మార్పులు మాత్రం చాలా కొద్ది. డబ్బు అటు వెళ్ళింది, చదివే అధికారం ఇటు రాలేదు.

అదే సంవత్సరం అక్టోబరులో, మనుషులు తక్కువగా ఉన్నారు కాబట్టి వీధుల్లో సీసీటీవీ కెమెరాలు, వాటిని ఒక్కచోట నుంచి చూసే రియల్ టైమ్ క్రైమ్ సెంటరు పెట్టటానికి కౌన్సిల్ ఒప్పుకుంది. ఇంకా లాగ్! ఒకందుకు మెచ్చుకోవాలి. 2013 ప్రాంతంలో ఇదే ఊళ్ళో నిఘా డ్రోన్లూ, నీటి ఒడ్డున కెమెరాలూ వైర్‌లెస్ నెట్‌వర్కూ ప్రజలకి ముందుగా చెప్పకుండానే తెచ్చి, గొడవయ్యాక వెనక్కి తీసుకున్నారు. ఆ దెబ్బతో వచ్చిన చట్టం వల్ల, 2017లో దాన్ని ఇంకా గట్టిచేసినందువల్ల, ఇప్పుడు ప్రతి నిఘా పరికరానికీ ముందు ప్రభావ నివేదిక రాసి, ప్రజల మాట విని, కౌన్సిల్ ఓటు తీసుకోవాలి. బావగారూ, కన్ను ఉండటం వల్ల పని ఆగలేదు, కెమెరాలు వచ్చాయి. అందరికీ తెలిసి వచ్చాయి, అంతే తేడా.

మన ఊళ్ళోనూ ఇదే కథ

ఇది అమెరికా గొడవ, మనకెందుకు అనుకునేవాళ్ళకి ఒక మాట. హైదరాబాదులో 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో కమాండ్ కంట్రోల్ సెంటర్ ప్రారంభమైనప్పుడు ఆ గోడంత తెరల ఫోటోలు మనమందరం గర్వంగా పంచుకున్నాం. మరి ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీం కోర్టు 2006లోనే ప్రతి రాష్ట్రంలో, ప్రతి జిల్లాలో పోలీసుల మీద ఫిర్యాదులు వినే అథారిటీ ఉండాలని చెప్పిన సంగతి ఎంతమందిమి పంచుకున్నాం? 2020 డిసెంబరులో అదే కోర్టు ప్రతి పోలీసు స్టేషన్లో సీసీ కెమెరాలు పెట్టమంటూ, వాటితోపాటు రాష్ట్రానికీ జిల్లాకీ పర్యవేక్షణ కమిటీలు కూడా వెయ్యమంది. కెమెరాతో పాటు చూసే కమిటీ! ఆ జడ్జీలకి లాగ్ సంగతి మనకన్నా బాగా తెలుసనిపిస్తుంది.

ఓటు లేదు కదా అంటారా

2025 సెప్టెంబరులో ఫెడరల్ జడ్జి సియాటిల్ పోలీసుల మీద 13 ఏళ్ళ కోర్టు పర్యవేక్షణని పూర్తిగా ముగించారు. బలప్రయోగం తగ్గింది, శిక్షణ మెరుగైంది, ఆ ఘనత వాళ్ళకి ఇవ్వాల్సిందే. కానీ ఇన్నాళ్ళూ తప్పనిసరిగా చదివిన ఒక పెద్ద పాఠకుడు ఇప్పుడు లేచి వెళ్ళిపోయాడు. ఇక మిగిలింది నగరం నియమించిన ఆ మూడు అంగాలూ, ఊరి జనమూ.

ఊరి జనంలో మనమూ ఉన్నాం. "హెచ్-1 మీద ఉన్నాం, ఓటు లేదు, మనమాట ఎవడు వింటాడు?" అని చాలామంది అంటారు. కమ్యూనిటీ పోలీస్ కమిషన్ సమావేశాలు బహిరంగమే. అక్కడ మాట్లాడటానికి ఓటు అక్కర్లేదు. వాషింగ్టన్ రాష్ట్ర సమాచార చట్టం కింద అర్జీ పెట్టటానికి పౌరసత్వం అక్కర్లేదు. అయిదు పనిదినాల్లో వాళ్ళు ఏదో ఒక సమాధానం ఇవ్వాలి. 2014లో ఒక్క ప్రోగ్రామర్ ఒక్క అర్జీతో మొత్తం శాఖని కదిలించాడని పైన చెప్పాను కదా.

బెల్‌వ్యూలోనో రెడ్మండ్‌లోనో ఉంటే మీ పోలీసులు వేరు, మీ కౌన్సిల్ వేరు. న్యూజెర్సీలో, డాలస్‌లో ఉంటే ఇంకా వేరు. అయితే ఏ ఊళ్ళోనైనా అడగాల్సిన ప్రశ్నలు మాత్రం మూడే. మా ఊళ్ళో పోలీసు కెమెరాల వీడియోల్లో, ఫిర్యాదు రాకపోయినా, కొన్నిటిని యాదృచ్ఛికంగా తీసి చూసేవాళ్ళున్నారా? ఉంటే వాళ్ళు ఎంతమంది, వాళ్ళ జీతాలు పోలీసు బడ్జెట్‌తో పాటు పెరుగుతున్నాయా? వాళ్ళు తప్పు అని తేల్చింది చివరికి నిలబడుతోందా, మధ్యలో ఏ ఒప్పందమైనా కొట్టేస్తోందా? కోడ్ రివ్యూ లేకుండా ప్రొడక్షన్‌కి ఒక్క లైను పంపని మనం, తుపాకి ఉన్న ఉద్యోగానికి రివ్యూ అడగటం అత్యాశ ఏమీ కాదు.

ఆ బ్యాచ్ జాబ్ సంగతి చెప్పి ముగిస్తాను. ఆ మీటింగు తర్వాత మా మేనేజరుగారు కొత్త టూలేదీ కొనలేదు. రోజూ పొద్దున్నే పావుగంట లాగ్ చదవటం ఒక మనిషి పనిగా రాశారు. తేడా కనబడితే ఎవరినీ అడక్కుండా జాబ్ ఆపే అధికారం కూడా ఆ మనిషికే ఇచ్చారు. నేను అక్కడ ఉన్నన్నాళ్ళూ ఆ జాబ్ మళ్ళీ నిశ్శబ్దంగా పడిపోలేదు.

డెక్స్‌టర్ ఎవెన్యూ మీద ఆ రాత్రి ఏం జరిగిందో ఏ కెమెరా మార్చలేదు. ఆ తర్వాత జరిగేది మాత్రం మనుషుల చేతిలోనే ఉంది. మీ ఊరి కమిషన్ సమావేశం ఎప్పుడో కనుక్కుని, వచ్చే నెల ఒక సాయంత్రం దానికి కేటాయించండి. నేనూ వెళ్తున్నాను.